కారు చుట్టూ ముగ్గు

మొన్న ఆయుధపూజ నాడు విరుదునగర్‌లో మా వాకిట్లో మా ఆయన గంధం గిన్నె పట్టుకొని కారు అద్దం మీదకు వంగారు. ఆ వాసన ముక్కుకు తగిలిందో లేదో, "అద్దం మీద వద్దంటే వినరేం! స్టీరింగుకు పెట్టండి" అని గిన్నె లాక్కున్నాను. "ఏటేటా ఇదే గొడవ" అని ఆయన నవ్వారు. గొడవే మరి. ఆ గంధం వాసన వస్తే చాలు, గోవిందసామి మామ నా పక్క సీట్లో కూర్చొని ఉన్నట్టే ఉంటుంది నాకు.

మా తెలుగు పల్లె అరవనాట కోవిల్‌పట్టి నుంచి ఎట్టయాపురం వెళ్ళే దారిలో ఉంది. నల్లరేగడి నేల, వాన పడితేనే పంట. తొంభైల్లో వరసగా వానలు మొహం చాటేస్తే నాన్న ఒక పాత అంబాసిడర్ కొని బాడుగకు తిప్పడం మొదలుపెట్టారు. రెండేళ్ళు తిరక్కుండానే పక్షవాతం వచ్చి ఆయన కుడిచెయ్యి పడిపోయింది. ఇంట్లో నేనొక్కదాన్నే బిడ్డను. నేను నేర్చుకొని నడపాలి, లేదంటే కారు అమ్ముకొని పస్తులుండాలి. నేను నడుపుతానంటే ఊరంతా ముక్కున వేలేసుకుంది. పక్కింటి గోవిందసామి మామ మాత్రం, బస్సు డ్రైవరు పని నుంచి అప్పుడే రిటైరైనవారు, "బండికి ఆడా మగా తెలుసునా? దా పాపా, నేను నేర్పిస్తా" అన్నారు.

తీరా చూస్తే వారం దాకా తాళం చెవి ఇవ్వలేదు! నన్ను సీట్లో కూర్చోబెట్టి, తలకు ఎర్ర తువ్వాలు చుట్టుకొని, కారు చుట్టూ వంగి నడిచేవారు. "నేను యాడ మాయమైతానో చెప్పు" అనేవారు. నేను "కనపడలే" అన్న ప్రతిచోటా మామ మా ఇంటి ముగ్గుపిండితో ఒక చుక్క పెట్టేవారు. చివరికి చుక్కలన్నీ కలిపితే కారు చుట్టూ వంకరటింకర గీత తేలింది. "ఈ గీత లోపల ఉండేది నీకు అగుపడదు పాపా. అగుపడలేదంటే లేదని కాదు." నాకు ఒళ్ళు మండేది. బండి నేర్పమంటే ముగ్గులేమిటని లోపల తిట్టుకునేదాన్ని.

లైసెన్సు వచ్చాక కూడా కొన్నాళ్ళు మామ నా పక్కన కూర్చొని వచ్చేవారు. ఆ ఏడు ఆయుధపూజకు అమ్మ లైట్ల మీద గంధం దట్టంగా మెత్తింది, అద్దానికి విభూతి పట్టెలు వేసింది, ముందు బంపరుకు రెండు అరటి పిలకలు కట్టింది. మామ హారతి కళ్ళకద్దుకొని, "పూజ అయింది కదమ్మా, అద్దం తుడిచి, పిలకలు ఇప్పేసి పోతాము" అన్నారు.

"సామికి పెట్టింది ఈపొద్దే తీస్తారా అన్నా?" అంది అమ్మ.

నేనూ అమ్మకే వంత పాడాను. "ఎట్టయాపురం దాకానే కదా మామా." ఆయన నా పక్కన ఎక్కి కూర్చున్నారు.

జొన్నచేల దగ్గర మలుపు తిరుగుతుంటే, కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తున్న మామ "నిలుపు!" అని అరిచారు. రెండు కాళ్ళతో బ్రేకు తొక్కాను. దిగి చూస్తే ఎడమవైపు అరటాకుల వెనక, బంపరుకు జానెడు దూరంలో ఎనిమిదేళ్ళ పిల్ల, మేకపిల్లను వాటేసుకొని బిగుసుకుపోయి ఉంది. నా కంట అసలు పడనేలేదు! మామ ఆ పిల్లకు నీళ్ళు తాగించి, చేలో ఉన్న తల్లి దగ్గరికి తీసుకెళ్ళి, తప్పు తనదేనని అరవంలో చెప్పి చేతులు జోడించారు. తర్వాత పిలకలు విప్పి గట్టున పెట్టి దండం పెట్టుకున్నారు. తువ్వాలుతో అద్దం తుడిచారు.

ఇంటికొచ్చి తాళాలు అరుగు మీద విసిరేశాను. "ఇంగ నేను తోలను. అమ్మేయండి." నాన్న గోడ వైపు తిరిగి పడుకున్నారు. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు.

పొద్దున్నే మామ రెండు కొత్త పిలకలతో వచ్చి బంపరుకు కట్టారు. అమ్మను బతిమాలి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, తాను ముందుకు నడిచి వెళ్ళారు.

"అన్నా, యాడుండారు?" అంది అమ్మ. "అన్నా!" అమ్మ స్టీరింగు మీదకు వంగి మళ్ళీ పిలిచింది.

మామ ఆకుల వెనక నుంచి లేచి నిలబడ్డారు. "ఈడే ఉండానమ్మా. ఆ పిల్లా ఈడే ఉన్నింది."

అమ్మ మెల్లగా దిగింది. లైట్ల మీద మిగిలిన గంధాన్ని తన కొంగుతోనే తుడిచింది. అరుగు మీది తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టి, "పో. చూసి పో" అంది.

ఆ కారే నాన్న మందులకూ మా కూటికీ ఆధారమైంది. మామ పోయి చాలా ఏళ్ళయింది. ఆయన రుణం ఏమిచ్చి తీర్చుకోను?

ఇప్పటికీ బండెక్కే ముందు కారు చుట్టూ ఒకసారి తిరుగుతాను. నాకు భక్తి ఎక్కువని, ప్రదక్షిణ చేస్తున్నానని వీధిలోవాళ్ళు అనుకుంటారు. అనుకోనీ. బంపరు దగ్గర వంగినప్పుడల్లా ఎర్ర తువ్వాలు ఒకటి కనబడుతుందేమోనని చూస్తాను. ఎవరూ లేరు కదా అని ఇంకోసారి చూసుకొని, అప్పుడు ఎక్కుతాను.