మామ్మగారి మందుల డబ్బా

రాయపూర్ వచ్చిన కొత్తలో నన్ను బాగా ఏడిపించింది ఎండా కాదు, హిందీ కాదు, తుమ్ములు. మా ఇంట్లో ఎవరు తుమ్మినా ఏదో ఒక గదిలోంచి ‘చిరంజీవ’ అని వినిపించేది. ఇక్కడ వరసపెట్టి ఎన్ని తుమ్ములు తుమ్మినా పలికే దిక్కు లేదు. పెళ్లి ఇప్పుడే వద్దు, ఉద్యోగం చేస్తానని ఇంటిల్లిపాదితో దెబ్బలాడి వచ్చినదాన్ని. ఒంటరిగా ఉందని ఫోన్లో చెబితే ‘మేం ముందే చెప్పాం’ అంటూ మొదలుపెడతారు. అందుకని అంతా బాగుందనే చెప్పేదాన్ని.

ఉద్యోగం ఊరి బయట సిల్తారాలో, ఒక స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీ ఆఫీసులో. రోజూ కంపెనీ బస్సు. అక్కడ గాలిలో కంటికి ఆనని నల్లదుమ్ము ఉంటుంది. తెల్ల చున్నీ వేసుకుని వెళ్తే సాయంత్రానికి బూడిద రంగులో తిరిగి రావాల్సిందే. ఆఫీసులో అందరికీ అలవాటైపోయిన ఆ దుమ్ము నా ముక్కుకి మాత్రం పడలేదు. పొద్దున్న తుమ్ములు, మధ్యాహ్నానికి కళ్ల దురద, సాయంత్రానికి తలనొప్పి.

రైల్వే కాలనీకి దగ్గర్లో రెండు వాటాల ఇల్లు. ఒక వాటా నాది. రెండోదానికి నేను వచ్చినప్పటినుంచీ తాళమే. ఒక ఆదివారం పొద్దున్న ఇల్లు అదిరేలా తుమ్మాను. గోడ అవతలినుంచి, ‘చిరంజీవ’ అంది ఒక ముసలి గొంతు. నేను వంటింట్లో నిలబడి భోరుమని ఏడ్చాను. ఎందుకని అడిగితే ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

ఆవిడ రైల్వే గార్డుగారి భార్య. ఆయన పోయి చాలా ఏళ్లయింది, పిల్లల్లేరు. తిల్దాలో చెల్లెలింట్లో నెలరోజులుండి అప్పుడే వచ్చిందట. పుట్టిల్లు పలాస వైపు. మామ్మగారూ అని పిలిస్తే నేను ఆవిడ సొంత మనవరాలినన్నట్టే చూసింది.

“ఏటి పాపా, సర్దీ పట్టీసిందా? దవాయి ఏటేనా మింగినావా?” అని జలుబుకీ మందుకీ హిందీ మాటలే వాడుతూ ఒక స్టీలు డబ్బా పట్టుకొచ్చింది.

ఆ డబ్బా గురించి చెప్పాలి. పింఛనుదార్ల కుటుంబం కనుక ఆవిడకి రైల్వే ఆసుపత్రిలో మందులు ఊరికే ఇచ్చేవాళ్లు. కాగితం పొట్లాల్లో ఇచ్చే విడి బిళ్లలు అవి. ఇంటికి రాగానే ఆవిడ పొట్లాలన్నీ విప్పి, వానాకాలం చెమ్మకి మెత్తబడిపోతాయని, ఆ డబ్బాలో పోసి మూత బిగించేది. కాలనీలో ఆవిడ వయసు తెలుగువాళ్లందరి ఇళ్లలోనూ అలాంటి డబ్బా ఒకటి ఉండేది. రైల్వే ఉద్యోగంలేని బంధువులకీ, ఇరుగుపొరుగులకీ అందులోంచే పంపకాలు. పేర్లతో పనిలేదు. రంగే గుర్తు.

“పసుపుది తుమ్ములకి. తెల్లది తలకాయ నొప్పికి. ఇదిగో, మింగీ.”

మింగేదాకా నీళ్లగ్లాసు పట్టుకుని నా ఎదురుగా నిలబడేది. నేను చదువుకున్నదాన్నే. ఇవేమిటని అడగొచ్చు. అడగలేదు. ఎవరో ఒకరు నా కోసం అలా గ్లాసు పట్టుకుని నిలబడటం నాకెంతో బాగుండేది.

చలికాలంలో ఒకరోజు తుమ్ములకి తోడు ఒళ్లు నొప్పులు కూడా వచ్చాయి. ఆ సాయంత్రం సందు చివర మందులషాపులో జలుబు మాత్రలు కొనుక్కున్నాను. మర్నాడు పొద్దున్న టీ తాగి ఒకటి వేసుకున్నాను. ఈలోగా నా తుమ్ములు విని మామ్మగారు డబ్బాతో తయారు. పసుపుది, తెల్లది. ఇప్పుడే ఒకటి వేసుకున్నానని చెప్పబోయాను కానీ, “అది బజారుది, ఇది అసలుది,” అనేసింది. మింగాను. గ్లాసు తీసుకుని తృప్తిగా వెళ్లింది.

బస్సులో చివరి సీట్లో కిటికీ పక్కన కూర్చున్నాను. ఊరు దాటడం గుర్తుంది, ఆ తర్వాత గుర్తులేదు. కళ్లు తెరిచేసరికి బస్సు ఖాళీగా ఉంది, ఎండ నెత్తిమీదికి వచ్చింది. “అరే మేడమ్, ఆప్ యహీఁ సో గయీఁ?” ఇక్కడే నిద్రపోయారా అంటున్నాడు డ్రైవరు. ఫ్యాక్టరీ వెనక, బస్సులు నిలిపే ఖాళీ జాగాలో ఉన్నాను. నోరు పిడచకట్టుకుపోయింది, రెప్పలు లేవడంలేదు. డ్రైవరు బస్సులో మరిచిపోయిన తువ్వాలు వెతుక్కుంటూ వచ్చాడు కనుక కనబడ్డాను.

గోడలు పట్టుకుని ఆఫీసుకి చేరేసరికి అందరూ భోజనాల డబ్బాలు విప్పుతున్నారు. పక్క సీటాయన నన్ను చూసి, నిన్నటి బిల్లుల ఫైలు ఎక్కడ పెట్టావని అడిగాడు. అంతే. పొద్దున్నంతా నా కుర్చీ ఖాళీగా ఉందని ఒక్కరికీ తోచలేదు. మా ఫ్యాక్టరీకి రావాల్సిన లారీ కాస్త ఆలస్యమైతే గేటు దగ్గరినుంచి మేనేజరు గదిదాకా ఫోన్లు మోగుతాయి. నాకు కోపం వచ్చింది, ఆ వెనకే భయం వేసింది. 

ఫ్యాక్టరీ డిస్పెన్సరీలో డాక్టరు నాడి చూసి, ఏమేం వేసుకున్నావో చెప్పమన్నాడు. చెప్పాను. నా సంచిలో ఉన్న జలుబు మాత్రల అట్ట తీసి వెనక్కి తిప్పి, చీమ తలకాయలంత అక్షరాలు వేలితో చూపించాడు. హిందీలో ఆయన పెట్టిన చీవాట్ల సారాంశం ఇది. అలర్జీ మాత్ర ఒకటి, నొప్పి మాత్ర ఒకటి, రాసిన మోతాదు మించకుండా కలిపి వేసుకుంటే మామూలుగా చాలామందికి ఇబ్బందేమీ లేదు. కానీ జలుబు మాత్రంటే వేరే మందేదో కాదు, తరచుగా ఆ రెండూ కలిపి చేసిందే. దానిమీద మళ్లీ అవే వేసుకుంటే ఒకే మందు రెండుసార్లు మింగినట్టు. తుమ్ముల మందు రెట్టింపైతే ఇలా మత్తులో పడేస్తుంది. జ్వరం, నొప్పుల మందు రోజూ అలా ఎక్కువైతే లోపల కాలేయాన్ని దెబ్బతీస్తుంది, పైకి వెంటనే తెలియను కూడా తెలియదు. పేరు తెలియని బిళ్ల నోట్లో వేసుకోవద్దు. మందులషాపులో కొనేటప్పుడు ముందే ఏమేం వేసుకుంటున్నావో చెప్పు.

చివర, “ఇంట్లో ఎవరుంటారు?” అని అడిగాడు. ఎవరూ లేరన్నాను.

“అయితే మరీ జాగ్రత్తగా ఉండాలి. లేపేవాళ్లుండరు,” అని చీటీమీద ఏదో రాసుకుంటూ అన్నాడు. ఆయనకది మామూలు మాటే. నాకు మాత్రం ఆ సాయంత్రం బస్సులో కూడా అదే మాట వినిపిస్తూ ఉంది.

మర్నాడు మామ్మగారు డబ్బాతో వచ్చింది. జరిగిందంతా చెబితే హడలిపోతుందని చెప్పలేదు. డాక్టరు వేరే మందులిచ్చాడు, ఇవి వద్దన్నాడు మామ్మగారూ అన్నాను, వీలైనంత మెల్లగా.

“నా చేతివి పడవన్నాడా?”

“అది కాదండీ...”

“ఒగ్గీ పాపా. పెద్ద డాక్టరు కదా.” వదిలేయమన్నట్టు చెయ్యి ఊపి, మూత బిగించుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత నేను తుమ్మితే గోడ పలకలేదు. ఆవిడ అవతలే ఉంది. దగ్గు వినిపిస్తోంది, గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. సిగ్గువిడిచి చెబుతున్నాను, ఒకసారి గోడకి దగ్గరగా వెళ్లి దొంగతుమ్ము కూడా తుమ్మాను. ఉహూఁ. ఈ ఊళ్లో నాకున్నది ఆ ఒక్క మాట. మందుతోపాటు దాన్నీ పోగొట్టుకున్నాను. పోనీ తెల్లబిళ్ల తీసుకుని చున్నీలో దాచేస్తే సరిపోయేది కదా అని కూడా అనిపించింది.

అవతలినుంచి దగ్గు ఎక్కువైంది. అప్పుడు తట్టింది నాకు. ఆవిడకి బీపీ ఉంది, మోకాళ్ల నొప్పులున్నాయి, ఇప్పుడు జలుబు. ఆవిడా ఆ డబ్బాలోంచే, ఆ రంగులు చూసే మింగుతుంది. నా దగ్గరైనా ఒక డాక్టరు అట్ట తిప్పి చూపించాడు. ఆవిడకి ఎవరు చూపిస్తారు?

ఆదివారం వెళ్లి తలుపు కొట్టాను. బస్సు సంగతంతా చెప్పాను. ఆవిడ మొదట నమ్మలేదు. డబ్బా తెమ్మని, నేలమీద పాత పేపరు పరిచి అంతా పోశాను.

“ఇందులో జ్వరం బిళ్ల ఏదండీ?”

“ఇదిగో.” ఒక తెల్లబిళ్ల తీసింది. పక్కన ఇంకో తెల్లది ఉంది, కాస్త చిన్నది. మధ్యలో గీత ఉన్నది మరొకటి. ఆసుపత్రికి సరుకు మారినప్పుడల్లా బిళ్ల రూపం మారుతుంది కదా. ఆవిడ చెయ్యి పేపరుమీద ఆగిపోయింది.

“ఇది బీపీదేమో పాపా... ఆగు, అదా ఇదా...” నావైపు చూసింది. “ఇన్నాళ్లూ నీకు ఏటిచ్చినానో నాకే తెల్దు. నీకేటైనా అయిపోయుంటే? అయ్యో తల్లీ.”

నాకేం కాలేదండీ అని చెయ్యి పట్టుకున్నాను. ఆ సాయంత్రం ఆవిణ్ణి మా సందు చివరి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. బీపీ ఉన్నవాళ్లు కొన్ని రకాల జలుబు మాత్రలూ, కొన్ని నొప్పి మాత్రలూ అడక్కుండా వేసుకోకూడదని ఆయనే ఆవిడకి చెప్పి, వేసుకోవాల్సినవాటికి చీటీ రాసిచ్చాడు. పేరు తెలియనివన్నీ పారేశాం. ఇకమీద ఏ మందు పొట్లంలో ఆ మందు, పైన పేరు రాయించుకుని తెచ్చుకుంటానని ఒప్పుకుంది.

డబ్బా కడిగి బోర్లించింది. దానివైపు చూస్తూ అంది.

“ఇంక నీ తలుపు ఏటని కొట్టాలి పాపా?”

అప్పటిదాకా ఒంటరితనం నాదొక్కదానిదే అనుకున్నాను. నేనెంత గుడ్డిదాన్నో అప్పుడు తెలిసింది.

“లేచానో లేదో చూడ్డానికి కొట్టండి మామ్మగారూ. నన్ను లేపేవాళ్లు లేరని డాక్టరు భయపెట్టాడు,” అన్నాను.

రోజూ పొద్దున్న కొట్టేది. “లేచినావా?” “లేచానండీ.” అంతే, వెళ్లిపోయేది. తుమ్మితే గోడ మళ్లీ పలికేది.

మోకాళ్లు బొత్తిగా మొండికేశాక చెల్లెలు వచ్చి ఆవిణ్ణి తిల్దా తీసుకెళ్లింది. కొన్నాళ్లు ఫోన్లో మాట్లాడుకున్నాం. తర్వాత చెల్లెలే ఫోన్ చేసి మామ్మగారు పోయిన కబురు చెప్పింది.

ఇప్పుడు ఆ వాటాలో వేరేవాళ్లున్నారు, తెలుగు రాదు. నేను అట్ట వెనక చదివి, ఒకే రకం అలర్జీ మాత్ర వేసుకుంటాను. తుమ్ములు తగ్గాయి. మొన్న అవతల ఎవరో గట్టిగా తుమ్మారు. ఆలోచించకుండానే, గోడ దాటేలా, “చిరంజీవ!” అన్నాను. అవతల మాటలు టక్కున ఆగిపోయాయి. తర్వాత టీవీ సౌండు పెంచారు.