ఎడమ పక్క ఖాళీ

“ఈ రోజు నా బిడ్డ క్షేమంగా ఇల్లు చేరుతుందా?”

రోజూ పొద్దున పాపని బడికి తీసుకెళ్ళే మామగారి కారు గేటు దాటగానే కోడలి గుండెల్లో మెదిలే మాట ఇదే. పైకి అనేది కాదు. మంచినీళ్ళు పరీక్షించే ల్యాబులో ఉద్యోగం కాబట్టి భయాన్ని కూడా లెక్కల్లో పెట్టుకునేది: ఆ వేగానికి కారు ఎంత దూరంలో ఆగుతుంది, డెబ్బై దాటిన కాలు బ్రేకు మీదికి చేరడానికి ఎంత సేపు పడుతుంది. లెక్క తేలేది. భయం తగ్గేది కాదు.

మామగారు బేకరీ వ్యానుకి డ్రైవరుగా చేరి అందులోనే రిటైరయ్యారు. తెల్లవారకముందే వేడి బ్రెడ్డు ఎక్కించుకుని కొట్టుకొట్టుకీ దింపేవారు. గట్టిగా బ్రేకు వేస్తే వెనక ట్రేలలో సరుకు నలిగిపోతుంది. అందుకే ఆయన బండి ఆపితే పక్కన కూర్చున్నవాళ్ళకి తెలిసేది కాదు. తర్వాత కొనుక్కున్న పాత కారుని ‘పెద్దమ్మాయి’ అనేవారు. కొడుకు కొత్త కారు మాటెత్తితే చాలు, చెయ్యి అడ్డంగా ఊపేవారు.

“గేర్లు అదే మార్చుకుంటుందట. దారి చెప్పడానికి లోపల ఒకావిడ ఉంటుందట. వెనక్కి తీస్తే కీచుమంటుందట. ఇంక నేనెందుకురా, అద్దాలు తుడవడానికా?”

“నీ పెద్దమ్మాయికి పెళ్ళీడు దాటి ఎన్నేళ్ళయిందో తెలుసా నాన్నా?”

“అందుకే ఎవరి చేతుల్లోనూ పెట్టట్లేదు.”

అందరూ నవ్వేవారు. కోడలూ నవ్వేది, పాప సీటు బెల్టుని ఇంకోసారి లాగి చూస్తూ.

తాతకీ మనవరాలికీ మధ్య ఒక ఆట ఉంది. పాప వెనక సీట్లో ఎడమవైపు కూర్చుంటుంది. మలుపు రాగానే తాత “ఎడమ పక్క?” అంటారు. పాప కిటికీలోంచి చూసి “ఖాళీ తాతా” అంటుంది, లేకపోతే “కుక్క ఉంది తాతా” అంటుంది. సరిగ్గా చెబితే ఇల్లు చేరాక హారన్ నొక్కనిస్తారు. కోడలికి ఆ ఆట ముచ్చటగానే ఉండేది. పిల్లకి రోడ్డు మీద ధ్యాస నేర్పుతున్నారనుకుంది.

ఒకరోజు సెలవు పెట్టి తనూ వెంట వెళ్ళింది. ముందు సీట్లో, ఆయనకి ఎడమ పక్కన కూర్చుంది. సిగ్నల్ దగ్గర కారు ఆగినప్పుడు జుట్టు సర్దుకోవడానికి చెయ్యెత్తింది. ఆ చెయ్యి ఆయన చెంపకి జానెడు దూరం దాకా వెళ్ళింది. ఆయన ఉలిక్కిపడలేదు. రెప్ప కూడా కదల్లేదు. ఆమె చెయ్యి దించకుండా వేళ్ళు మెల్లగా ఆడించింది. ఆయన ఎదురుగా ఎర్ర లైటునే చూస్తున్నారు.

ఆ ఆట ఎందుకో కోడలికి అప్పుడర్థమైంది. ల్యాబులో ఫలితం తేడాగా వస్తే మళ్ళీ పరీక్షిస్తారు. ఇక్కడ మళ్ళీ పరీక్షిద్దామంటే వెనక సీట్లో ఉన్నది తన కూతురు. ఆమె పైకి అనేలోగా పచ్చ లైటు పడింది.

“ఎడమ పక్క?” అన్నారు మామగారు.

జవాబు రాలేదు. పాప వంగి, ఊడిపోయిన బూటు వెతుక్కుంటోంది. వెనక హారన్లు మోగాయి. ఇంకా ఆగితే తిట్లు మొదలవుతాయి. ఆయన స్టీరింగు తిప్పేశారు.

ఎడమ చక్రం పక్కనే సైకిలు.

“మావయ్యా, ఆపండి.”

ఆపారు. ఈసారి బ్రెడ్డు నలిగిపోయే బ్రేకు. సైకిలతను బానెట్ మీద చెయ్యి ఆనించి నిలదొక్కుకున్నాడు. దెబ్బేం తగల్లేదు. కిటికీ దగ్గరికొచ్చి, “ఏం పెద్దాయనా, కళ్ళు కనపడట్లేదా?” అన్నాడు.

రోడ్డు మీద ఎవరైనా ఎవరినైనా అనే మాటే అది. జవాబు కోసం అనేది కాదు.

“కనపడట్లేదు బాబూ,” అన్నారు మామగారు. “ఎడమ పక్క చాన్నాళ్ళుగా కనపడట్లేదు.”

అతను తిట్టడానికి తెరిచిన నోరు మూసుకుని, కోడలి వంక ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

మామగారు మళ్ళీ స్టీరింగు ముట్టుకోలేదు. కోడలే సీటు మారి, కారుని రోడ్డు వారకి తీసి ఆపింది.

“తాతా, నేను సైకిలు చూడలేదు కదా,” అంది పాప. “ఇవాళ హారన్ లేదా?”

ఆయన మొహం చేతుల్లో దాచుకున్నారు.

“తోలొద్దని డాక్టరు చెప్పాడమ్మా,” అన్నారు చివరికి. “మీతో అంటే తాళం తీసేసుకుంటారు. తాళం పోయాక నేనూ ఇంట్లో కుర్చీలాంటి వాణ్ణే. అది తల్చుకుంటే భయమేసింది. అందుకే పాప కళ్ళు అరువు తెచ్చుకున్నాను.”

“నాకూ రోజూ భయమే మావయ్యా. గేటు దగ్గర నించుని చచ్చిపోయేదాన్ని.”

“మరి అడగలేదేం?”

“మీకు కోపమొస్తుందని.”

ఆయన కారుకున్న తాళాల గుత్తి లాగి, అందులోంచి ఇంటి తాళం ఒక్కటీ తీసుకుని, కారు తాళం ఆమె ఒళ్ళో పెట్టారు.

“ఒకటి గుర్తుపెట్టుకో తల్లీ. కనపడకపోతే కనపడట్లేదని పైకి అను. భయమేస్తే భయమేస్తోందని అను. ఆ తర్వాతే బండి కదుపు. లోపల దాచుకుని మాత్రం స్టీరింగు పట్టుకోకు.”

ఇప్పుడు పాపని బడికి తీసుకెళ్ళేది కోడలే, అదే పెద్దమ్మాయిలో. మామగారు పక్కన కూర్చుని, క్లచ్చు మీంచి కాలు తియ్యమని దారంతా సణుగుతారు. మలుపులో ఏ లారీయో అడ్డంగా ఉంటే ఆమె కారు ఆపి, “నాకు కనపడట్లేదు” అని పైకే అంటుంది. వెనక ఎన్ని హారన్లు మోగినా, కనపడేదాకా కదలదు.