చెక్‌పోస్టులో చదివిన కథ

డుంబ్రిగుడ దగ్గర ఒక గిరిజన ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో తెలుగు చెప్పేదాన్ని. మాది విజయనగరం వైపు. కొండల్లో అదే నా మొదటి ఉద్యోగం. బీఎడ్ చదివే రోజుల్లో భయంకరమైన రాజ్యాల మీద వచ్చిన నవలలు వరసగా చదివేశాను. ఒకరోజు పదో తరగతిలో పాఠం ముందే అయిపోతే, వాటి గురించి చెప్పాను.

ఏ దేశం కథైనా కొన్ని సంగతులు ఒకేలా ఉంటాయన్నాను. ఎవరో ఒకరు ఎప్పుడూ కనిపెడుతూ ఉంటారు. పక్కింటివాళ్లే చాడీలు మోస్తారు. ఎంత తినాలో, ఎటు వెళ్లాలో పైవాళ్లు చెబుతారు. కొన్ని మాటలు పైకి అనకూడదు. ఎవర్ని అడిగినా బాగున్నామనే అంటారు. అలాంటి రాజ్యాన్ని ఊహించి కథ రాయమన్నాను.

శనివారం ఆ నోటుబుక్కులు సంచిలో వేసుకుని ఇంటికి బయల్దేరాను. మనుషులు నిండితే గాని జీపు కదలదు. ఈలోగా పైనున్న పుస్తకం తెరిచాను. వెనక బెంచీలో కూర్చునే పిల్లది.

"మా రాజ్యంలో సంతకి వెళ్లి వస్తే, ఇంత బియ్యం ఎవరికని అడుగుతారు. పగలు వచ్చినవాళ్లు రాత్రి వచ్చినవాళ్ల గురించి అడుగుతారు. రాత్రి వచ్చినవాళ్లు పగటివాళ్ల గురించి అడుగుతారు. ఇద్దరికీ నీళ్లిచ్చిన ఇంటిని ఇద్దరూ నమ్మరు. మా మావయ్య పేరు ఇంట్లో ఎవరూ పలకరు."

ఎంత బాగా ఊహించిందో అనుకున్నాను.

ఘాట్ రోడ్డు మొదట్లో చెక్‌పోస్టు. పోలీసులు అందర్నీ దింపారు. నా ముందున్న ముసలమ్మ మూట విప్పించి, "ఇంత బియ్యం ఎవరికే?" అన్నాడు ఒకతను. పుస్తకంలో ఉన్న మాటే. పగటివాళ్లు ఈ పోలీసులు, రాత్రివాళ్లు అడవిలో అన్నలు. ఆ పిల్ల ఏదీ ఊహించలేదు.

రెండో అతను నా సంచిలో చెయ్యి పెట్టి ఆ పుస్తకమే తీశాడు. వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదివాడు.

"ఏటిది?"

"కథండి. పిల్లలు రాసింది."

"ఏ ఊరు పిల్ల?"

అట్ట మీద పేరూ ఊరూ ఉన్నాయి. అతను అట్ట తిప్పబోతుంటే నా చెయ్యి దానంతటదే ముందుకెళ్లింది. పుస్తకం పట్టుకుని, "నేనే చెప్పి రాయించానండి. పరీక్షకి" అన్నాను. అతను నా మొహంలోకి చూశాడు.

"ఇలాటివి సెప్పకండి మేడమ్" అని పుస్తకం వదిలేశాడు.

ఇంటికెళ్లగానే ఆ కథ రాసిన కాగితం చింపి పొయ్యిలో పెట్టాను. సోమవారం పిల్లని స్టాఫ్ రూముకి పిలిచాను.

"ఇంకో కథ రాయమ్మా. కుందేలు కథో, నక్క కథో."

"నేనేటి తప్పు రాసేను మేడమ్?"

"తప్పు కాదు. ఇలాంటివి వద్దు."

"కథే కదా, ఏదైనా రాయొచ్చని మీరే సెప్పేరు."

"బేగి రాసి తీసుకురా" అని కసిరాను. కసిరింది భయంతోనని ఆ పిల్లకి తెలిసిపోయింది. తల దించుకుని వెళ్లింది. మర్నాడు అరపేజీ కుందేలు కథ తెచ్చింది. మంచి మార్కులే వేశాను. ఆ తర్వాత క్లాసులో తనంతట తాను నోరు విప్పలేదు.

పది పాసై నర్సు ట్రైనింగుకి వెళ్తూ, చెప్పి వెళ్లడానికి వచ్చింది. క్షమించమని అడగాలనుకున్నాను. వరండాలో ఎవరో ఇద్దరు కొత్తవాళ్లు కూర్చుని ఉన్నారు. ఏ వైపువాళ్లో తెలియదు. గొంతు తగ్గించి, బాగా చదువుకోమని మాత్రం అన్నాను.