కుదురులేని ఒళ్లు

1968 శ్రావణంలో, పాతపట్నం దగ్గర ఊడుపులు జోరుగా సాగుతున్నప్పుడు, తవిటమ్మ నారు కట్ట విప్పడానికి గట్టు పక్కన గొంతుక్కూర్చుంది. మళ్లీ లేవలేకపోయింది.

ముప్పై రెండేళ్ల మనిషి. నాట్లలో ఆమె వేగాన్ని అందుకోవడం ఊళ్లో ఎవరివల్లా అయ్యేది కాదు. అలాంటిది మోకాళ్ల మీద చేతులు ఆన్చి, రెండుసార్లు పైకి రాబోయి బురదలో చతికిలబడింది. తోటి కూలి బుల్లమ్మ వచ్చి రెక్క పట్టి లేపింది.

నాలుగు నెలలుగా ఆమెకు కాలు నిలవడం లేదు. ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడ్చేది. కూర్చుంటే గుండె దడ, పడుకుంటే చెమటలు. రోజుకు మూడుసార్లు అంబలి తాగి, నాలుగోసారి కుండ దగ్గరికి వెళ్లేది. అయినా రవికెలు భుజాల మీంచి జారిపోయేంతగా చిక్కిపోయింది. తిన్నదంతా ఏ గాలి లాక్కుపోతోందోనని అత్త జగ్గమ్మ గొణిగి, తాయెత్తు కట్టించింది. ఆ మాట మనసులో గుచ్చుకుని తవిటమ్మ ఆకలేసినా అడగడం మానేసింది.

పొలంలో చతికిలబడిన మర్నాడే భర్త జగన్నాధం ఆమెను శ్రీకాకుళంలో ఒక డాక్టరుకు చూపించాడు. డాక్టరు ఆమె చాచిన వేళ్ల మీద కాగితం పెడితే అది రెపరెపలాడింది. మెడ తడిమాడు. చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి లేవమన్నాడు. ఆమెవల్ల కాలేదు.

"నా కాళ్లకేటయినాది బాబూ?"

"తప్పు కాళ్లది కాదమ్మా. నీ మెడలో థైరాయిడ్ అనే గ్రంథి ఉంది. దాని రసం ఎక్కువైపోయింది. నువ్వు ఊరికే కూర్చున్నా, పరిగెడుతున్నట్టే ఒంట్లో శక్తి ఖర్చయిపోతోంది. తిన్నది చాలక కండే కరిగిపోతోంది."

తవిటమ్మ మొగుడి వైపు తిరిగింది. "ఈ మాట అత్తకి నువ్వే సెప్పాల."

అతను చెప్పాడు. ఆ పూట జగ్గమ్మే అంబలి పోసి కోడలి ముందు పెట్టింది.

డాక్టరు రాసిన మాత్రలు మొదలైన మూడు వారాలకీ తేడా కనబడక, తవిటమ్మ ఇంటికీ కళ్లానికీ మధ్య విసుగ్గా తిరిగింది. మానేస్తానని కూడా అంది. జగన్నాధం ఒప్పుకోలేదు. దసరా నాటికి దడ తగ్గింది. కాళ్లకు సత్తువ రావడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. కోతల్లో పనలు మోయలేదు గాని, కట్టలు కట్టి ఎవరి చెయ్యీ అడక్కుండా లేచింది.

ఒక మధ్యాహ్నం ఆమె చాప మీద ఆదమరిచి నిద్రపోయింది. పిలవబోయిన బుల్లమ్మను జగ్గమ్మ గుమ్మంలోనే ఆపింది.

"పడుకోనీయే. ఇన్నాళ్లకి ఒళ్లు నిలబడింది."