గొంగడికి మాటలడిగిన బిడ్డ

మా పై పోర్షన్ బిడ్డ ఇగ లేదు. ఆనాడు పొద్దున మగ్గం మీది పడుగు దారాలకు చింతగింజల గంజి పట్టిస్తుంటే ఆమె పెనిమిటి ఫోన్ చేసిండు. "బాబాయ్ గారూ, అయిపోయిందండి" అన్నడు. ఫోన్ చెవికి పెట్టుకొని గట్లనే నిలవడ్డ. ఆయన కూడా పెట్టెయ్యలే. మళ్ల పడుగు కాడికి వచ్చేసరికి గంజి ఎండి దారాలు ఒకదానికొకటి అతుక్కున్నయి.

నా చదువు ఊరి బడితోనే ఆగింది. మాటలు కూడా తక్కువే. ఈ నాలుగు ముక్కలు రాయడం ఆమె పుణ్యమే.

మాది శంషాబాద్ పక్కన సాతంరాయి, గొంగళ్లు నేసే ఇల్లు. మా ఇంటామె గొర్ల బొచ్చు వడుకుతది, నేను మగ్గం మీద కూసుంట. ఇదివరకు గొర్లకాపరులే వచ్చి కొనేటోళ్లు. విమానాలు దిగుడు మొదలైనంక బీళ్లు ప్లాట్లయినయి, మందలు పోయినయి, వాటెంట కొనేటోళ్లు పోయిండ్రు. పైన అర్రలు కిరాయికిస్తే గోదావరి దిక్కు జంట దిగిండ్రు. ఆయనకు ఎయిర్‌పోర్టుల కార్గో పని. ఆమె పెండ్లికి ముందు ఒక కంపెనీల చేసిందట. జనం నెట్ల ఏదన్న వస్తువు వెతికితే వాళ్ల దుకాణం పైవరసల కనబడేటట్టు చూసుడు ఆమె పని.

దండెం మీది గొంగడి చూసి ఒకనాడు అడిగింది.

"ఇవి ఎక్కడ అమ్ముతారు బాబాయ్ గారూ?"

"ఎవరన్న వస్తే."

"రాకపోతే?"

జవాబు మా ఇంటామె ఇచ్చింది. "రాకపోతే మగ్గం ఊడదీసి పొయ్యిల పెడతడట. కట్టెలకు పనికొస్తదని చూస్తున్నడు."

ఆ బిడ్డ నవ్వలేదు. ఆ వారంలనే మాకు నెట్ల దుకాణం పెట్టింది. డాబా మీద గొంగడి పరిచి, ఒక అంచు పట్టి లేపి, పెనిమిటిని ఫోటో తియ్యమన్నది. "నీ చెయ్యి పడుతోంది, జరుగు" అన్నడాయన. "పడనివ్వండి. ఎవరో ఒకరు పట్టుకుంటేనే అదెంత బరువో తెలుస్తుంది" అన్నది.

ఇగ మాటల కాడ వచ్చింది తిప్పలు.

"దీని గురించి చెప్పండి, రాస్తాను."

"నల్లది."

"ఇంకా?"

"మంచిది."

"మంచిదని అందరూ అంటారు బాబాయ్ గారూ."

మా దిక్కు ఒక పద్ధతున్నది. నేసినోడు తన గొంగడిని తను పొగడొద్దు. కొననొచ్చినోని ఒళ్లో వేసి ఊకోవాలె. ఆయన చెయ్యే అన్నీ చూసుకుంటది. మా నాయన గట్లనే అమ్మిండు, నేను గట్లనే అమ్మిన. అది చెప్తే ఆమె జర ఆలోచించి అన్నది, "నెట్‌లో కొనేవాడికి చెయ్యి లేదండీ, కళ్ళే. వెతికి పెట్టే యంత్రానికైతే ఆ కళ్ళూ లేవు. దానికి మాటలొక్కటే తెలుసు. మీరు మాట్లాడకపోతే మీ గొంగడి లేనట్టే."

ఆ మాట నాలో పడ్డది. ఇగ రోజు సాయంత్రం మెట్ల మీద కూసొని అడిగేది, నేను తవ్వి తవ్వి తీసేది. వానలో నీళ్లు మీదినుంచే జారిపోతయని చెప్పిన. చేన్ల పండుకుంటే ఆ గరుకుకు పాము రాదని మా పెద్దలు అనేటోళ్లని చెప్పిన. "అదీ మాట!" అని తొడ మీద కొట్టుకునేది. ఒక్కో గొంగడికి వేరే మాటలు కావాలనేది. ఒకదానికి చెప్పినవి ఇంకోదానికి రాస్తే యంత్రం కూడా లెక్క చెయ్యదట. "పెండ్లయినంక నాతోని గిన్ని మాటలు మాట్లాడినవా?" అని ఇంటామె ఎక్కిరించేది.

ఒకనాడు ఆమె కంప్యూటర్ల వెతికితే మా దుకాణమే మొదట వచ్చింది. నేను సంబురపడ్డ. ఆమె తలూపింది. "ఇది మనం రోజూ చూసే కంప్యూటర్ కదండీ, మనకు నచ్చిందే ముందు పెడుతుంది. మన ఇంటి అద్దం లాంటిది. బయట చూడండి." శంషాబాద్‌ల ఇంటర్నెట్ దుకాణం భాయి దగ్గరికి పోయిన. పేజీలు తిప్పంగ తిప్పంగ ఎక్కడో అడుగున దొరికింది. "చాచా, మీ దుకాణం గల్లీల గల్లీల ఉన్నది" అని నవ్విండు. ఆమె నిరాశ పడలే. "ఉంది కదా. ఇక జరపడమే" అన్నది.

జరిపింది. చలి దేశాల నుంచి సుత అడగబట్టిండ్రు. మగ్గం నిలిచింది. భాయి దుకాణంల మొదటి పేజీ అడుగున మా గొంగడి కనబడ్డనాడు ఉరికొచ్చి చెప్పిన. అప్పటికే ఆమెకు జ్వరం. తగ్గని జ్వరం. రక్తంల జబ్బన్నరు.

దవాఖానకు పోయిన. జుట్టు రాలింది, గొంతు తగ్గింది.

"కొత్తది దించారా మగ్గం మీంచి?"

"దించిన."

"దాని గురించి చెప్పండి. ఇక్కడి నుంచే రాస్తాను."

నోరు తెరిచిన. ఒక్క మాట రాలే. ఆమె చేతికున్న సూది దిక్కే చూస్తున్న. "పోనీ, తర్వాత చెప్పండి బాబాయ్ గారూ" అన్నది.

ఆమె పోయినంక ఆమె పెనిమిటి అర్రలు ఖాళీ చేసి సొంతూరికి పోయిండు. నెట్ల దుకాణం లోపలికి పోయే తాళం మాట, పాస్‌వర్డ్ అంటరు, అది ఆమెకే తెలుసు. ఆయన నాలుగు తీర్ల చూసిండు, తెరుచుకోలే. దుకాణంల ఉన్న ఫోన్ నంబర్ ఆమెదే, అది బందయింది. భాయి అంటడు, "కొత్త మాటలు పడకుంటే కిందికి పోతది చాచా. నేనేం చెయ్యలేను." నిజమే, పోతున్నది. ఆమె మొదటి పేజీకి తెచ్చింది మళ్ల గల్లీలకు పోతున్నది. మగ్గం మీద పడుగు గట్లనే అతుక్కొని ఉన్నది.

ఆ కొత్త గొంగడికి ఇప్పుడు మాటలొచ్చినయి. పెట్టడానికి చోటు లేదు, ఇక్కడ పెడుతున్న. దాని బొచ్చు వానలు బాగ పడ్డ ఏడాది కత్తిరించింది. అంచుకు ఒకటే ఎర్ర పోగు. కప్పుకుంటే ముందుగాల గరుకు, తెల్లారేసరికి మనదైతది.

శంషాబాద్ పోయినప్పుడల్లా భాయి దగ్గర కూసుంట. ఏం వెతకాల్నో ఆయన అడగడు. పేజీ తిప్పుతడు, మళ్ల తిప్పుతడు. పోయినసారి కంటే ఇంకింత కిందికి పోయినంక వస్తది ఆ ఫోటో. డాబా మీద ఎండ, నల్ల గొంగడి, దాని అంచు పట్టి లేపిన చెయ్యి.