ఒరుసుకోని టైరు

ఆ ఆదివారం మా అత్త నన్ను జీపులోంచి దిగమన్నది టైరు ఒరుసుకుంటుందనా, లేక తన కోసమా? పాతికేళ్లు దాటింది, ఈ ప్రశ్న నాతోనే ఉంది. క్రిస్మస్‌కు కలిసినప్పుడు అడుగుదాం, ఈసారి ఫోన్లో అడుగుదాం అనుకుంటూ, ఇంత చిన్న సంగతి ఇన్నేళ్ల తర్వాత తవ్వితే ఏం బాగుంటుందిలే అని ప్రతిసారీ మానేశాను. పోయిన మంగళవారం పొద్దున తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, అత్త పోయింది. కాఫీ తాగి, పేపరు మడిచి పెట్టి, కుర్చీలో అలాగే..." అన్నాడు. ఇక అడగడానికి మనిషి లేదు.

ఆమె మా నాన్నకు చెల్లెలు. మహిళా కళాశాలలో లెక్కలు చెప్పేది. మీలో ఆమె దగ్గర చదువుకున్నవాళ్లుంటే, బోర్డు మీద చాక్‌పీస్ విరిగినప్పుడల్లా "దీనికీ నా మీద నమ్మకం లేదు" అనడం గుర్తుండే ఉంటుంది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్లకు "కుదరలేదండి" అని చెప్పి, ఆ మాటను అక్కడితో ఆపేసేది. గుంటూరు వైపు నుంచి వచ్చి మియాపూర్‌లో కిరాయికి దిగిన మా ఇంట్లో నాన్న, అమ్మ, నాయనమ్మ, నేను, తమ్ముడు, అత్త. గదులేమో రెండే. పరీక్ష పేపర్లు వంటింటి గట్టు మీద, కుక్కరు పక్కన పెట్టుకుని దిద్దుకునేది. ఎవరు ఏ సరుకు కోసం వచ్చినా పేపర్లు ఎత్తి పట్టుకుని, వాళ్లు వెళ్లాక మళ్లీ పరుచుకునేది.

ఆమెకొక జీపు ఉండేది. ఇప్పుడైతే ఎస్‌యూవీ అంటాం. అప్పట్లో ఎత్తుగా, డబ్బాలా, నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే ప్రతి బండీ మాకు జీపే. రిటైరైన ఒక ఇంజనీరుగారి దగ్గర పాతది కొనుక్కుంది. కొన్నదీ తనే, నడిపేదీ తనే అయినా, అందులో ఆమె ఒక్కతే ఉండగా నేనెప్పుడూ చూడలేదు. కాలేజీకి వెళ్తే తోటి లెక్చరర్లు ఎక్కేవారు. చర్చికి వెళ్తే మేమందరం ఎక్కేవాళ్లం, దారిలో ఎదురైనవాళ్లు కూడా. బజారుకైతే నాయనమ్మ. "బండి ఉన్నది ఎక్కడానికే కదమ్మా" అని నవ్వేది.

తొంభైల చివరి రోజులవి. మాదాపూర్ వైపు హైటెక్ సిటీ అప్పుడప్పుడే లేస్తోంది. పొద్దస్తమానం బండరాళ్ల గుండ్లు పేల్చేవారు. ముందు విజిల్ వేసేవారు, ఎర్రజెండా పట్టుకున్న మనిషి రోడ్డుకు అడ్డంగా నిలబడేవాడు, బస్సులూ లారీలూ ఆగిపోయేవి, ఆ తర్వాత ఢామ్మని చప్పుడు, దుమ్ము. రోడ్డుకు కాస్త లోపలగా, పడుకున్న బర్రెలా నల్లగా, నున్నగా ఒక పెద్ద గుండు ఉండేది. అక్కడివాళ్లు బర్రెగుండు అనేవారు. ఆదివారాల్లో జీపులున్న మగవాళ్లు కొందరు దాని మీదికి బండి ఎక్కించి, చప్పట్లు కొట్టించుకుని దిగేవారు. అత్త చూపు దాని మీద పడింది.

"అవతల ఏముందో చూడాలే" అంది నాతో.

"నడిచి ఎక్కి చూడొచ్చుగా అత్తా?"

"నడిచి ఎక్కితే నేనొక్కదాన్నే చూసినట్టు. పాపం, బండికీ ఉంటుంది కదే చూడాలని."

మొదటిసారి మా అందరినీ ఎక్కించుకునే ప్రయత్నించింది. బర్రె తోక దగ్గరే బండి పొట్ట రాయికి ఆనుకుని, చక్రాలు ఊరికే తిరిగాయి. అక్కడి కూలీలు నలుగురు చెయ్యేసి వెనక్కి లాగారు. అక్కడి కాపలాదారు నవ్వు దాచుకోలేదు. "మేడమ్, టైర్లు చిన్నగున్నయి. పెద్దయి ఏసుకొని రాండ్రి. జల్దీ రాండ్రి మరి. వచ్చే సోమవారం దీన్ని పేలుస్తున్నరు."

అంతే. ఆ వారమంతా మా ఇంట్లో టైర్ల మాట తప్ప వేరే మాట లేదు.

మూసాపేటలో బండ్లు బాగుచేసే ఒక మేస్త్రీ షెడ్డు ఉండేది. అత్త ఎక్కడి నుంచో లోతైన గాళ్లున్న, వెడల్పాటి టైర్లు తెప్పించింది. బురదలో, రాళ్లలో తిరిగే బండ్లవి. నన్ను వెంటబెట్టుకుని షెడ్డుకు తీసుకెళ్లింది. మేస్త్రీ టైరును మడ్‌గార్డు పక్కన నిలబెట్టి, ఒక కన్ను మూసి చూశాడు.

"మేడమ్, ఇవి ఎక్కుతయి గని తిరగయి. సీదా పోతె మంచిగనే ఉంటది. స్టీరింగ్ పూరా తిప్పితె ఒరుస్తది."

"ఒరిస్తే?"

"ఒరిస్తె ఏంది మేడమ్! లోపట తాకి తాకి టైరు చీరుకపోతది. ఏడనో గుట్ట మీద పేలితె మీరేడ, బండేడ!"

మా వైపు రాసుకోవడం అంటాం. అత్తకు మాత్రం ఈ ఒరుసుకోవడం అనే మాట తెగ నచ్చింది. ఇంటికొచ్చాక పెరుగు గిన్నె దగ్గర అమ్మా నాయనమ్మా మాటామాటా అనుకుంటుంటే, "ఒరుసుకుంటోంది వదినా, స్టీరింగ్ కాస్త తగ్గించు" అంది. అమ్మకు అర్థం కాలేదు కానీ నవ్వేసింది. ఆ తర్వాత మా ఇంట్లో ఏ గొడవకైనా అదే మాట.

మర్నాడు టైర్లు ఎక్కించారు. ఎక్కడ ఒరుస్తుందో కనిపెట్టాలి కదా. అత్త హ్యాండ్‌బ్యాగులోంచి నాయనమ్మ పౌడరు డబ్బా తీసింది! షెడ్డులో పని ఆగిపోయింది. నేల మీద మోకాళ్లూని, చీర కుచ్చిళ్లు దోపుకుని, మడ్‌గార్డు లోపలి అంచుకు, చక్రం వెనకాల బండి బరువు మోసే కమాన్ పట్టీలకు పెళ్లికూతురికి పూసినట్టు పౌడరు పూసింది. "పౌడరు చెరిగిందంటే అక్కడ ఒరుసుకున్నట్టు" అంది.

"అగో, బండికి మేకప్ ఏస్తున్నరు" అన్నాడు మేస్త్రీ.

"నీ పెళ్లాం దగ్గర కొట్టుకొచ్చిన డబ్బా కాదులే, ఊరికే చూడు."

స్టీరింగ్ పూర్తిగా ఎడమకు తిప్పి ముందుకీ వెనక్కీ నడిపింది. పూర్తిగా కుడికి తిప్పి మళ్లీ నడిపింది. వంగి చూస్తే పౌడరు మీద గోరు గీసినట్టు రెండు నెలవంకలు. మేస్త్రీ అంచు కోసేద్దామన్నాడు. అత్త ఒప్పుకోలేదు. చక్రాన్ని ఎంతవరకు తిరగనివ్వాలో నిర్ణయించే బోల్టు ఒకటుంటుంది. దాన్ని కొంచెం బయటికి తిప్పించింది. ఇక స్టీరింగ్ మునుపంత తిరగదు, మలుపులో కాస్త పెద్ద చుట్టు తిరగాలి. "తిరుగుదాం, తొందరేముంది" అంది. మళ్లీ పౌడరు, మళ్లీ కుడి, మళ్లీ ఎడమ. ఈసారి పౌడరు చెక్కుచెదరలేదు. అత్త చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. నాకు మాత్రం ఏదో తేడాగానే ఉంది. "నిజంగా ఒరుసుకోదంటావా అత్తా?" అన్నాను. నన్ను డ్రైవరు సీట్లోకి నెట్టి, "అనుమానపడవే, నేను వద్దన్నానా? కానీ పూర్తిగా తిప్పి చూసి అప్పుడు అనుమానపడు" అంది. నా జీవితంలో ఎన్నిసార్లు వాడానో ఈ మాట. ప్రతిసారీ పూర్తిగా తిప్పానని మాత్రం చెప్పలేను.

ఆదివారం ఆరాధన అయ్యాక అందరం ఎక్కాం. మేం చేసిన తప్పు అక్కడ బయటపడింది. ఖాళీ బండికి పరీక్ష పెట్టాం. మా ఇంట్లో ఖాళీ బండి ఎప్పుడైనా కదిలిందా? నాన్న, అమ్మ, నాయనమ్మ, తమ్ముడు, నేను, పులిహోర క్యారేజీలు, పెద్ద నీళ్ల డ్రమ్ము. కొండాపూర్ దగ్గర మొదటి గోతిలోనే వెనక నుంచి గర్ర్‌మని చప్పుడు, కాలిన రబ్బరు వాసన. దిగి చూస్తే, మేం కూర్చున్న చోట బండి కుంగి, వెనక టైరు మడ్‌గార్డును అంటుకుంటోంది.

"వెనక్కి తిప్పమ్మా. ఇంటికి పోదాం" అన్నాడు నాన్న.

"రేపు పేల్చేస్తారన్నయ్యా" అంది అత్త. ఆ గొంతు అంత పలచగా నేనెప్పుడూ వినలేదు. నాన్న మళ్లీ బండెక్కి కూర్చున్నాడు.

నత్తలా వెళ్లాం. గొయ్యి కనబడగానే "లేవండి" అని తమ్ముడు అరిచేవాడు, అందరం సీట్లోంచి పైకి లేచేవాళ్లం, లేస్తే బరువు తగ్గుతుందన్నట్టు. నాయనమ్మ కూడా కమ్మీ పట్టుకుని "ప్రభువా" అంటూ లేచేది. అందరికీ నవ్వు ఆగలేదు. బర్రెగుండు దగ్గరకు చేరేసరికి అక్కడ పని చేసే ఆడవాళ్లు రాళ్లు మోసే గమేళాలు దించి నిలబడ్డారు. "ఆడామె ఎక్కిస్తదంటనే!" అని ఒకామె ఇంకొకామెను పిలిచింది.

అందరూ దిగారు. నేను దిగలేదు. ఎడమ చక్రం ఎక్కడ ఆనుతోందో చెప్పడానికి నన్ను పక్కన కూర్చోబెట్టుకుంటానని వారమంతా అంటూనే ఉంది. అత్త స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి, ముందుకే చూస్తూ, "నువ్వూ దిగవే" అంది.

"నేనెంత బరువత్తా?"

"దిగమ్మా. ఒరుసుకుంటుంది."

దిగాను. దిగి తలుపు వేస్తుంటే కనిపించింది. నీళ్ల డ్రమ్ము వెనకే ఉంది. నాకంటే తక్కువ బరువేం కాదది. చెబుదామని నోరు తెరిచేలోపే ఇంజను గర్జించింది.

ఏం ఎక్కింది! ముందు చక్రం బర్రె తోకను పట్టుకుంది. లోతు గాళ్లు రాతిని కొరికాయి. బండి ఎడమకు ఒరిగింది. అమ్మ కళ్లు మూసుకుంది. ఒక చక్రం గాల్లోకి లేచింది, మళ్లీ ఆనింది, పొట్ట ఎక్కడా తగల్లేదు, చక్రం ఎక్కడా ఒరుసుకోలేదు. నాన్న మాత్రం "మెల్లగా, మెల్లగా" అని అరుస్తూ కింద తనూ రెండడుగులు ఎక్కేశాడు. "పోనీయమ్మా, పోనీ!" అని పనివాళ్లు కేకలు. నడుం మీదికి, అక్కడి నుంచి మూపు మీదికి. ఆకాశానికి ఆనించి పెట్టినట్టు జీపు అక్కడ నిలబడింది. మేం ఎగిరి గంతులేశాం. నాయనమ్మ కాపలాదారు చేతులు పట్టుకుని ఊపేసింది.

అత్త ఇంజను ఆపింది. దిగింది. మాకు వీపు పెట్టి, మడ్‌గార్డు మీద ఒక చెయ్యి ఆనించి, అవతలి వైపు చూస్తూ నిలబడింది. మా చప్పట్లు అయిపోయాయి. ఆమె తిరగలేదు. క్యారేజీలు పైనే ఉన్నాయని తమ్ముడికి అప్పుడు తట్టింది. "అత్త పులిహోర మొత్తం ఒక్కతే తినేస్తుందేమో నాన్నా!" నాన్న నవ్వలేదు. "ఉండనీరా" అన్నాడు.

దిగి వచ్చాక "అవతల ఏముంది?" అని అందరం ఒకేసారి అడిగాం. "ఇంకో గుండు" అని పకపకా నవ్వింది. అంత వెలుగు ఆ ముఖంలో నేను మళ్లీ చూడలేదు. మర్నాడు బర్రెగుండును పేల్చేశారు. అదే వారం మేస్త్రీ బండి కుంగకుండా వెనక కమాన్‌లో ఒక పట్టీ ఎక్కువ వేశాడు. ఎంతమందిమి ఎక్కినా ఆ టైరు మళ్లీ ఒరుసుకోలేదు. ఆమె మమ్మల్ని ఎక్కించుకుని ఏళ్ల తరబడి తిప్పింది. నన్ను యూనివర్సిటీ హాస్టల్లో దింపిందీ ఆ బండిలోనే. ఏ రోజూ విసుక్కోలేదు.

మొన్న సమాధుల తోటలో ఆ మేస్త్రీ కనబడ్డాడు. బాగా ముసలివాడయ్యాడు. చేతిలో బంతిపూలు. "పట్టీ ముందే ఏద్దామని నేను అన్న బిడ్డా" అన్నాడు. "మీరందరు కూసుంటె ఎనక ఒరుస్తదని చెప్పిన. షెడ్డుల పట్టీ తయారుగనే ఉండె. 'ఇప్పుడొద్దు, ఆదివారం అయినంక ఏద్దువు' అన్నది."

"ఎందుకని అడగలేదా?"

"అడిగిన. నవ్వింది."

అంటే ఆమెకు తెలుసు. మేమెక్కితే ఒరుసుకుంటుందని, బర్రెగుండు దగ్గర అందరం దిగాల్సి వస్తుందని తెలిసే ఊరుకుంది. అలాగని అనుకోబోతానా, ఇంకొకటి అడ్డం వస్తుంది. పట్టీ ఎక్కువైతే కమాన్ బిగుసుకుంటుంది, రాయి మీద చక్రం సరిగా ఆనదు. ఎక్కడానికి మెత్తటి కమానే మంచిది. నేను కూర్చోవాల్సిన ఎడమ వైపుకే బండి ఒరిగింది, నేనుంటే ఇంకా ఒరిగేదేమో. అయితే మరి నీళ్ల డ్రమ్ము? మర్చిపోయి ఉండొచ్చు. లెక్కల మనిషి మర్చిపోతుందా? ఆ రోజు సంబరంలో ఎవరైనా మర్చిపోతారు. ఇలా కుడికీ ఎడమకూ తిప్పుతూనే ఉన్నాను. పౌడరు ఎక్కడా చెరగడం లేదు.

ఏది నిజమో నేను తేల్చుకోలేదు, ఇకముందు తేల్చుకోగలనని కూడా అనుకోవడం లేదు.

ఆ ఆదివారం గుండు పైన నిలబడ్డ అత్త చివరికి ఒకసారి మా వైపు తిరిగింది. మడ్‌గార్డు మీద నుంచి చెయ్యి తీసి పైకెత్తి ఊపింది. అరచెయ్యంతా మడ్‌గార్డు లోపలి అంచున మిగిలిన పౌడరు, ఎండలో తెల్లగా మెరిసింది. రమ్మంటోందని తమ్ముడు పరుగెత్తబోయాడు. ఉండమంటోందని నాన్న వాడి చొక్కా పట్టుకుని ఆపాడు. ఆ తెల్లటి చెయ్యి మాత్రం అలా ఊగుతూనే ఉంది.