మడిచి కట్టిన వేలు

చిట్కుల్‌లో గది కిరాయికి తీసుకుని, పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీ ప్యాకింగ్‌లో కుదిరిన ఆ కొత్తలో, ఒంటరితనం అన్నది ఒకటుంటుందని నాకు తెలియదు. బోరు కొడుతోంది అనుకునేవాణ్ని. పక్క గదుల వాళ్లు ఒడియాలో ఏదో చెప్పుకుని నవ్వుకుంటుంటే, ఇవతల నేనూ నవ్వేవాణ్ని (దేనికో తెలియకపోయినా). తెలుగులో పలకరించేది ఓనరమ్మ ఒక్కతే, అదీ మోటారు బంద్ చేయమనడానికి.

అలాంటప్పుడు సంగారెడ్డిలో మా సూపర్‌వైజర్ బిడ్డ పెళ్లికి వెళితే, ఆర్కెస్ట్రాలో, అందరూ గిటార్ భాయ్ అని పిలిచే ఆయన కనిపించాడు. నలభై దాటిన మనిషి, తెల్ల లాల్చీ. ఎడమచేతి ఉంగరపు వేలు అరచేతిలోకి మడిచి, మిగిలిన మూడింటితోనే తీగల మీద పరుగులు పెట్టించాడు. అబ్బ, ఏం స్టైలు! ప్లేటులో బిర్యానీ చల్లారిపోయింది. ఎప్పటికైనా ఆయన పక్కన కూర్చుని వాయించాలి, ఆయన నన్ను శభాష్ అనాలి. ఆ ఏడాదంతా నాకున్న కోరిక అదొక్కటే.

గిటారైతే కొన్నాను గానీ నా ఉంగరపు వేలు మాట వినలేదు. దాన్ని మడిచి రబ్బరు బ్యాండుతో కట్టేశాను (ప్యాకింగ్‌లో వాటికి కొదవా!). ఓనరమ్మ చూసి అడలిపోయింది.

"అయ్యో పిల్లగా, వేలుకేమైంది? మిషన్ల వడ్డదా?"

"లేదమ్మా, ఇది స్టైలు."

"గదేం స్టైలు? బట్టలెట్ల పిండుతవ్?"

ఎనిమిది నెలల తర్వాత ఒక ఆదివారం, గిటారు భుజాన వేసుకుని, వాళ్లనూ వీళ్లనూ అడిగి, సంగారెడ్డిలో భాయ్ నడిపే కుట్టుమిషన్ల రిపేరు దుకాణానికి వెళ్లాను. రబ్బరు బ్యాండు జేబులో దాచి, వేలు మడిచి వాయించాను. ఆయన పాట వినలేదు, నా చెయ్యే చూశాడు. ఆయన మొహం చిన్నబోయింది. గిటారు ఆపించి నా చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు.

"ఏ కంపెనీల అయింది బేటా? నీది గూడ ప్రెస్సేనా?"

నాకేమీ అర్థం కాలేదు. ఆయన తన వేలు చూపించాడు. "రేకులు కొట్టే ప్రెస్సు కింద నలిగింది. అప్పటిసంది లేవదు. లేస్తె గిట్లెందుకు వాయిస్త?"

సరిగ్గా అప్పుడే, ఆయన అరచేతిలో, నా వేలు మెల్లగా లేచి నిలబడింది.

ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు. కళ్లు తుడుచుకునేదాకా నవ్వాడు. "అరే పాగల్! మంచిగున్న వేలును ఎవడన్న కట్టేస్తడా? శుక్రవారం నమాజ్ అయినంక రా. నాలుగు వేళ్లతోని నేర్పిస్త. నాకు వాయించరానియి నువ్వు వాయిస్తె జెర నేను గూడ ఇంట."

శుక్రవారం బయలుదేరాను. బస్సు దారిలో కంది ఊరు చేరేసరికి సిగ్గు ముంచుకొచ్చి, అక్కడే దిగి వెనక్కి వచ్చేశాను. మనసు కూడగట్టుకుని వెళ్లేసరికి నెలలు గడిచాయి. దుకాణంలో వేరే ఎవరో ఉన్నారు. భాయ్ ఊరు విడిచి వెళ్లిపోయాడట, ఎక్కడికో వాళ్లకు తెలియదు.

ఇప్పుడు నాలుగు వేళ్లతో బాగానే వాయిస్తాను. జెర వింటానన్న మనిషే లేడు. కందిలో దిగిపోయిన ఆ కుర్రాడు ఎప్పుడైనా ఎదురైతే తిట్టను. చెయ్యి పట్టుకుని మళ్లీ బస్సెక్కిస్తాను. ఒక్కణ్నే పంపకుండా, వాడితో నేనూ వెళతాను.